గట్టు మీద చెంబెడు నీళ్లు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చెప్పింది పటేల్. వాడకట్టులో అంతమంది ఉండగా, నా ఫోన్ నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్న ఇళ్లు నాలుగైదు ఉండగా, ఆ మాట ఆయన గొంతుతోనే నా చెవిన పడాల్సి వచ్చింది. సిరిసిల్లలో మా బడిలో ప్రార్థన అయిపోయి తొమ్మిదో తరగతికి పోతున్నాను. ఫోన్ తీశాను.

"టీచరమ్మా, మీ అత్త పోయింది. ఒడ్డు మీద కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. నేను మడిల ఉన్న. మల్లి చూసేసరికి లేదు" అన్నాడు.

నేను వెంటనే ఏడవలేదు. "అప్పుడు నువ్వు మడిల ఏం చేస్తున్నవు?" అని అడిగాను. "ఇసుక గీకుతున్న" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపులో కొంత సంతోషం కూడా ఉందంటే మీరు నన్ను ఏమనుకున్నా సరే. మా అత్త ఏ పని కళ్లారా చూడాలని పట్టుబట్టిందో, ఆ పని చూస్తూనే కన్నుమూసింది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరి గురించీ మంచే రాయాలని మా హెడ్‌మాస్టర్ గారు సలహా ఇచ్చారు. మా అత్త గురించి మంచే రాస్తాను, ఆమెకు అది చాలా ఉంది. పటేల్ గురించి ఉన్నది రాస్తాను. ఆయన పేరు మాత్రం రాయను. దయతో కాదు. పేపర్లో తన పేరు చూసుకోవడం ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

మా అత్త అంటే మా నాన్నకు అక్క. గొల్లపల్లి దాటినాక రోడ్డు పక్కన ఒక చిన్న వాడకట్టు, అందులో చివరి ఇల్లు. మామ నేను పుట్టకముందే పోయాడు. పిల్లలు లేరు. పదో తరగతి దాకా నన్ను తన దగ్గరే ఉంచుకుని చదివించింది. జానెడు భూమి లేదు. మేస్త్రీల వెంట ఇసుక జల్లెడ పట్టే పని ఆమెది. జగిత్యాలలో, కోరుట్లలో ఆమె జల్లెడ పట్టిన ఇసుకతో లేచిన మేడలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒక్కదాని లోపలికి కూడా ఆమె చెప్పులు విప్పి వెళ్లింది లేదు.

ఇసుకను ఆమె చూసే తీరు వేరు. కొత్త ట్రాక్టరు లోడు దిగితే ముందు చిటికెడు తీసి నోట్లో వేసుకునేది. పళ్ల మధ్య ఒకసారి నలిపి ఉమ్మేసి, "గిండ్ల మట్టి ఉన్నది" అనో, "గిది మంచిది, కరకరమంటున్నది" అనో తేల్చేది. మేస్త్రీలు ఆమె మాట విన్నాకే సిమెంటు బస్తా విప్పేవాళ్లు. నేను సిరిసిల్లలో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి వచ్చి, అందరూ వ్రతం దగ్గర ఉంటే, తాను వెనక గోడ దగ్గరికి పోయి గోటితో గీకి చూసింది. "నిన్ను మోసం చేసిండ్రు బిడ్డా" అంది, పూజ ఇంకా అవకముందే. గోడ రెండో వానాకాలానికి పెచ్చులూడింది.

ఇక ఒర్రె సంగతి. వాడకట్టు వెనక నుంచి పోయే ఆ చిన్న వాగులోకి పై పొలాల మురుగు నీళ్లన్నీ దిగుతాయి. పై పొలాలంటే దాదాపు అన్నీ పటేల్‌వే. వానాకాలం, యాసంగి, రెండు పంటలూ వరే. నాటు వేసిన నాలుగు రోజులకు గడ్డిమందు కొడతాడు, తర్వాత యూరియా చల్లే ముందు గట్టుకు గండి కొట్టి మడిలో నీళ్లన్నీ వదిలేస్తాడు. మందు కొట్టినాక నాలుగు రోజులు నీళ్లు మడిలోనే ఆపాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆయన ఆపడు. ఆ నీళ్లు నురగ కట్టుకుని, పైన నూనె తెట్టులాంటిది మెరుస్తూ మా ఇళ్ల వెనక్కి వచ్చేవి. వాడకట్టులో బట్టలుతికేది, గిన్నెలు తోమేది, కూర మళ్లు తడిపేది, బర్రెలకు పెట్టేది అవే నీళ్లు. తాగడానికి మాత్రం నల్లా ఉంది, అదీ వచ్చిన రోజు.

అత్తకు ఒక బర్రె ఉండేది. ఆరు నెలల సూడిది. ఒక మధ్యాహ్నం ఒర్రెలో దిగి కడుపునిండా తాగి వచ్చింది. సాయంత్రానికి నోట్లోంచి చొంగ, కాళ్లు వణుకు. తెల్లారేసరికి గాటిలో అడ్డంగా పడి ఉంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఏదైనా అయ్యుండొచ్చు అన్నాడు. నీళ్ల వల్లే చచ్చిందని ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు. అది నేను దాచను, ఎందుకంటే పటేల్ మీద చెప్పే మాటలోనైనా అబద్ధం ఉంటే అత్త ఒప్పుకునేది కాదు.

ఆమె కొంగు నడుముకు చుట్టి నేరుగా పటేల్ ఇంటికి పోయింది. ఆ సెలవుల్లో నేను అక్కడే ఉన్నాను, వెంట పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"పటేలా, మందు నీళ్లు ఇడిసిపెడితివి. నా బర్రె సచ్చింది" అంది.

"ఏందే, నీళ్లు కిందికి గాక మీదికి పోతయా? నీ బర్రెను నువ్వు కట్టేసుకోవద్దా?" అన్నాడు. కప్పు కింద కూడా పెట్టలేదు.

"తప్పయింది అను. ఒక్క మాట. నేను ఇంకేం అడుగ" అంది అత్త. ఆయన నవ్వి లోపలికి పోయాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తుపెట్టుకోవాలనే గుర్తుపెట్టుకున్నాను. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటూ, "నేను మరువ. నువ్వు గూడ మరువకు" అంది.

కోరుట్లలో నీళ్ల ట్యాంకు కట్టేటప్పుడు ఆమె ఒక వేసవంతా అక్కడ ఇసుక జల్లెడ పట్టింది. ఆ ఇసుక గోడలకు కాదు, నీళ్లు వడకట్టడానికని అక్కడి మేస్త్రీ చెప్పాడట. అది మనసులో పెట్టుకుని నన్ను అడిగింది. నేను నా సైన్సు పుస్తకంలో ఉన్నంత చెప్పాను. కింద లావు కంకర, దాని మీద సన్న కంకర, ఆపైన దొడ్డు ఇసుక, అన్నిటి మీద సన్న ఇసుక. ఇసుక మీద ఎప్పుడూ జానెడు నీళ్లు నిలిచి ఉండాలి, ఎండనివ్వకూడదు. రెండు మూడు వారాలకు ఇసుక మీద జిగురుగా ఒక పొర కడుతుంది. అసలు పని చేసేది ఆ పొరే, దాంట్లో కంటికి కనబడని జీవాలు ఉంటాయి, అవి మురికిని తింటాయి అన్నాను.

"అంటే పాల మీద మీగడ అసుంటిది" అంది. అంతే, పాఠం అయిపోయింది. మా పిల్లలకు అదే పాఠం చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది.

మూడు సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, అడుగున పైపు పెట్టి, తన చేత్తో జల్లెడ పట్టి కడిగిన ఇసుక నింపింది. వాడకట్టంతా దాన్ని ఇసుక గోలెం అనేవాళ్లు. మధ్యలో పొయ్యి బొగ్గులు నలగ్గొట్టి ఒక వరస వేసింది. ఆడవాళ్లు ఒర్రె నీళ్లు బకెట్లతో పైన పోసేవాళ్లు, కింద పైపులోంచి దారమంత ధార వచ్చేది, తేటగా. దాన్ని చూసి అందరూ చెంబులు పట్టుకొస్తే అత్త కట్టె పట్టుకుని నిలబడింది. "తాగొద్దు! ఇసుక బురదను ఆపుతది, పురుగును ఆపుతది. మందును అంతా ఆపదు. గిన్నెలకు, బట్టలకు, చెట్లకు పోసుకోండ్రి" అంది. ఆ మాట రోజూ చెప్పేది. కొందరికి విసుగు వచ్చేది, ఆమె పట్టించుకునేది కాదు.

పోచమ్మ బోనాలు వచ్చాయి. పండుగంటే వాడకట్టంతా కడగడం మా దగ్గర ఆనవాయితీ. అత్త కోరుట్ల పనికి పోయిన రోజు చూసి, ఆమెను సంతోషపెడదామని ఆడవాళ్లు రింగుల మీద మూత తీశారు. ఇసుక మీద పాచి కట్టి ఉందని ముక్కు మూసుకుని, ఆ పొరంతా చీపురుతో తోమి, పంచాయతీ వాళ్లిచ్చిన బ్లీచింగ్ పౌడర్ దోసిళ్లతో చల్లి, ఆపైన పసుపు నీళ్లు పోసి, రింగులకు సున్నం కొట్టి బొట్లు పెట్టారు. అత్త బోనం కుండతో బస్సు దిగి చూసింది. తల పట్టుకుని గోలెం పక్కనే కూలబడింది. "మీగడంత సంపిండ్రు గదనే" అంది. మళ్లీ ఆ పొర కట్టేదాకా మూడు వారాలు నీళ్లు కంపు కొట్టాయి. వాడకట్టు అందరి తిట్లూ ఆమెకే తగిలాయి. ఆమె మాత్రం ఎవరినీ తిట్టలేదు. వాళ్లు చేసింది ప్రేమతో చేశారని ఆమెకు తెలుసు. ఆమె పగ ఒక్కరి కోసమే దాచుకుంది.

ఆ పగ ఇట్లా బయటికి వచ్చేది. నెలకోసారి పొర మందమై నీళ్లు దిగకపోతే, పైన వేలెడు మందం ఇసుక గీకి తీసేయాలి. నల్లగా, జిగటగా, కుళ్లిన చేపల వాసన. దాన్ని ఆమె పారేయలేదు. యూరియా సంచిలో నింపి, నెత్తిన పెట్టుకుని పటేల్ పొలం దాకా మోసుకుపోయి, ఆయన గండి పక్కన కుమ్మరించి, అరుగు దగ్గరికి పోయి చెప్పి వచ్చేది. "పటేలా, నీ పొలం మీగడ. నాకెందుకు? నీకే తెచ్చిన."

మొదట ఆయన నవ్వాడు. మూడోసారి నవ్వలేదు. ఆ తర్వాత జీతగాణ్ని పెట్టి ఆ కుప్పను ఒర్రెలోకే తోయించేవాడు. అత్త మళ్లీ మోసుకుపోయేది. ఆమె మెడ నొప్పికి నేను మందు రాసేదాన్ని, రాస్తూ, ఎందుకీ బాధ అనేదాన్ని. "నాకు బాధ లేదు. వానికి వాసన వస్తున్నది గద" అనేది.

తర్వాత జరిగిందే నా కడుపులో నిప్పు పోసింది. వ్యవసాయ శాఖ నుంచి ఒక ఆఫీసరు మా గోలెం చూడ్డానికి వచ్చాడు. మంచివాడే. అంతా చూసి మెచ్చుకుని ఫొటో తీయమన్నాడు. ఎక్కడినుంచి వచ్చాడో పటేల్ ముందుకొచ్చి రింగు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పేపర్లో వచ్చిన ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు, వెనక మా అత్త కొంగు అంచు మాత్రం కనబడుతోంది. కింద రైతు చొరవ అని రాశారు. ఆ ముక్క కత్తిరించి నా బీరువాలో పెట్టుకున్నాను, కోపం చల్లారినప్పుడల్లా తీసి చూస్తాను.

ఫొటో వచ్చినాక ఆయనకు రెక్కలొచ్చాయి. ఎవరైనా మందు నీళ్ల మాట ఎత్తితే, "ఇసుక గోలెం ఉన్నది గద, ఇంకేంది మీకు?" అనడం మొదలుపెట్టాడు. మునుపు చీకటి పడ్డాక వదిలే నీళ్లు ఇప్పుడు పట్టపగలు వదిలేవాడు. ఆ మాట విన్న రోజు అత్త మొహంలో చూసినంత బాధ బర్రె చచ్చిన రోజు కూడా చూడలేదు. "నా ఇసుక నాకోసం పెట్టుకున్న. వాని పాపం కడుగుతందుకు గాదు" అంది.

తర్వాతి గ్రామసభకు అదే ఆఫీసరు వచ్చాడు. పటేల్ లేచి, ఒర్రె నీళ్లు ఇప్పుడు అద్దంలా ఉన్నాయని, ఫిర్యాదులన్నీ గిట్టనివాళ్లవని చెప్పాడు. అత్త వెనక వరసలోంచి వచ్చింది. చేతిలో ఆమె పాత ఇత్తడి చెంబు, నిండా గోలెం నీళ్లు. బల్ల మీద ఆయన ముందు పెట్టింది.

"అద్దం లెక్కనే ఉన్నయి పటేలా. తాగు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయాడు. ఆఫీసరు కూడా చెంబు వైపు చూస్తున్నాడు. పటేల్ చెంబు ఎత్తాడు, పెదాల దాకా తెచ్చాడు. అత్త కళ్లార్పకుండా చూస్తోంది. ఆ మందు ఏమిటో, ఎంత పోశాడో, ఎప్పుడు వదిలాడో ఆ సభలో అందరికంటే బాగా తెలిసింది ఆయనకే. చెంబు మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"నువ్వు తాగవు" అంది అత్త. "నా బర్రె తాగింది."

ఇంతకంటే పెద్ద మాట ఆమె జీవితంలో ఎప్పుడూ అనలేదు, గట్టిగా కూడా అనలేదు. తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. గోలెం లాంటిదే ఒక ఇసుక మడి ఆయన పొలంలోనే, నీళ్లు బయటికి వచ్చే మూలలోనే ఉండాలి. రెండు గుంటల జాగా. వాడకట్టు దాకా ఏ నీళ్లు వచ్చినా ఆ ఇసుకలోంచి దిగే రావాలి. దాన్ని గీకేది ఆయనే.

రెండు గుంటల వరి మడి పోతుందని ఆయన ఒప్పుకోలేదు. సరే అని అత్త ఊరుకుంది. నాట్లు వచ్చాయి. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కరూ ఆయన మడిలో దిగలేదు. ఆయన ఎల్లంతకుంట వైపు నుంచి వేరే ముఠాను ట్రాక్టరులో తెప్పించాడు. వాళ్లు దిగేసరికి గట్టు మీద మా అత్త, పక్కన చెంబు. జరిగిందంతా చెప్పి, "గీ మడి నీళ్లే, తాగి దిగుండ్రి" అంది. వాళ్లు చెంబు వైపు చూసి, ట్రాక్టరు ఎక్కి కూర్చున్నారు. నారు ముదురుతోంది. నాలుగో రోజు పటేలే వాడకట్టుకు నడిచి వచ్చాడు.

"ఇసుక మడికి జాగ ఇస్త. గీకుడు మాత్రం కూలి ఇచ్చి కైకిలోళ్లతోని చేపిస్త" అన్నాడు.

"కైకిలోళ్లు గీకితే నీ చేతికి వాసన ఎట్ల అంటది? నువ్వే గీకాలె. నేను సూడాలె" అంది.

ఆయన ఒప్పుకుని మడి కట్టించాడు, ఆడవాళ్లు నాట్లకు దిగారు. అప్పటినుంచి ఆయన గీకే రోజు అత్త గట్టు మీద ఒక తట్ట బోర్లేసుకుని కూర్చునేది. పక్కన చెంబెడు ఆ నీళ్లు. ఒక్క మాట మాట్లాడేది కాదు, ఎక్కడన్నా నల్లగా మిగిలితే తప్ప. పని అయ్యాక చెంబులో నీళ్లు ఆయన చూస్తుండగా ఇసుక మీద ఒంపి వెళ్లిపోయేది. ఒక విషయం ఒప్పుకోవాలి. తన చేత్తో గీకాల్సి వచ్చినాక ఆయన మందు తగ్గించాడు, నాలుగు రోజులు నీళ్లు ఆపడం నేర్చుకున్నాడు. ఒర్రెలో చిన్న చేపలు మళ్లీ కనబడ్డాయి. కానీ ఆ ఒక్క మాట, తప్పయింది అన్న మాట, ఇప్పటికీ ఆయన నోట రాలేదు. మంచి జరిగింది కదా, ఇంక వదిలేయమని నాకు చెప్పేవాళ్లున్నారు. మంచి ఆయన చేయలేదు. ఆమె చేయించింది.

చావుకు ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. "నాకు సొంత అక్క అసుంటిది" అని నలుగురి ముందు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. బతికున్నన్నాళ్లూ ఏందే, ఏమే అన్న నోరు అది. నేను అక్కడే అరుద్దును, శవం ముందు గొడవ ఎందుకని పళ్లు బిగబట్టాను. ఆఖరికి ఏమైనా అన్నదా అని మాత్రం అడిగాను.

"గా మూల మిగిలింది పటేలా, అన్నది. నేను అటు తిరిగిన. మల్లి ఇటు తిరిగేసరికి ఒరిగింది" అన్నాడు.

పదో రోజు దినాలు అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా, "ఇగ అక్క లేదు గద బిడ్డా. గా ఇసుక ఎత్తేసి గీ కారుకు వరి నాటేసుకుంట. నువ్వేమంటవు?" అన్నాడు. కళ్లు తుడుచుకున్న కండువా ఇంకా భుజం మీదే ఉంది. లోపల మావాళ్లు అత్త వస్తువులు పంచుకుంటున్నారు. నీకేం కావాలని అడిగితే, వెండి కడియాలు తీసుకుంటాననుకున్నారు. నేను చెంబు తీసుకుని, ఆయనకు కనబడేటట్టు చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

మొన్న ఆదివారం సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకు వెళ్లాను. ఇసుక మడి అట్లాగే ఉంది. ఆమె చెప్పిన మూల కూడా అట్లాగే, నల్లగా, ఎండి పగిలి ఉంది. చెంబు నింపి గట్టు మీద పెట్టాను. అత్త తట్ట అక్కడే పడి ఉంటే బోర్లేసుకుని కూర్చున్నాను. పొద్దెక్కినాక పటేల్ వచ్చాడు. నన్ను కాదు, ముందు చెంబును చూశాడు. తర్వాత చెప్పులు విప్పి, పార తీసుకుని మడిలోకి దిగాడు.

ఆయనకు వయసు మీద పడింది. వంగితే లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించాల్సి వస్తోంది. నాకు జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు. మూడు వైపులా గీకి, చెమట తుడుచుకుని, ఇక చాలన్నట్టు నావైపు చూశాడు.

"గా మూల మిగిలింది పటేలా" అన్నాను.

మళ్లీ వంగాడు. ఆ మూల దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు. అయిపోయాక అత్తలాగా నేను చెంబు ఒంపలేదు. నిండుగా గట్టు మీదే వదిలి లేచాను. మడిలోంచి ఇంటికి పోవాలంటే ఆ గట్టొక్కటే దారి, దాని మీద మనిషి పట్టేంత చోటే ఉంది, చెంబు దాని నడుమనే ఉంది. రోడ్డు దాకా నడిచి వెనక్కి తిరిగి చూస్తే, ఆయన ఇంకా చెంబుకు అవతలే నిలబడి ఉన్నాడు.